డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ఎయిర్ కూలర్ ఎలా ఎంచుకోవాలి: మన ఎండల్ని కూడా లెక్కలో వేసుకుని

"అన్నా, నా ప్రాసెసర్‌కి ఏ కూలర్ తీసుకోమంటావ్?" వారానికి రెండు మూడు సార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్లు ప్రాసెసర్ పేరు చెబుతారు, బడ్జెట్ చెబుతారు, అక్కడితో ఆగిపోతారు. క్యాబినెట్ ఏదని అడిగితే "నల్లది, పక్కన గ్లాస్ ఉంటుంది" అంటారు. ఆ వివరాలు లేకుండా నేను ఏ పేరు చెప్పినా గాల్లో దీపం పెట్టినట్టే. అందుకే ఎవరికి వాళ్లు తేల్చుకునేలా మొత్తం వరసగా రాస్తున్నాను.

మొదటే ఒక మాట. ఇది గదిలో పెట్టుకునే నీళ్ల కూలర్ గురించి కాదు, ప్రాసెసర్ మీద బిగించే, రేకులూ ఫ్యానూ ఉన్న కూలర్ గురించి. ఆన్‌లైన్‌లో ఉత్తినే "ఎయిర్ కూలర్" అని వెతికితే అవే వస్తాయి. "సీపీయూ కూలర్" అని కొట్టండి.

ముందు ఇవి ఒక కాగితం మీద రాసుకోండి

- ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా. ఐ5-12600, ఐ5-12600కే ఒకటి కావు. ఆ "కే" వల్ల వేడి బాగా పెరుగుతుంది.
- మదర్‌బోర్డు మోడల్, దాని సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు.
- క్యాబినెట్ మోడల్. తెలియకపోతే ఒక స్కేలు చాలు, ఎలా కొలవాలో కింద చెబుతాను.
- ర్యామ్ ఎత్తు, మిల్లీమీటర్లలో.
- మే నెలలో మధ్యాహ్నం మీ గది ఎంత వేడిగా ఉంటుందో. గోడకి తగిలించే మామూలు థర్మామీటర్ సరిపోతుంది.

బిగించే రోజుకి స్టార్ స్క్రూడ్రైవర్, టిష్యూలు, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కావాలి. చాలా కూలర్లతో పేస్ట్ కలిపే ఇస్తారు, కొనేముందు చూసుకోండి.

1. అసలు కొనాలా వద్దా తేల్చుకోండి

డబ్బాతో వచ్చిన స్టాక్ కూలర్‌ని తీసిపారేయకండి. రైజెన్ 5 5600, రైజెన్ 5 7600 డబ్బాల్లో రైత్ స్టెల్త్ అనే చిన్న కూలర్ ఉంటుంది. ఇంటెల్ ఐ3-12100, ఐ5-12400 లాంటి వాటితో లామినార్ ఆర్ఎం1 వస్తుంది. ఆఫీసు పని, చదువు, కాస్త గేమింగ్ అయితే ఇవి చాలు. ముందు దాన్నే బిగించి, చివర్లో చెప్పిన పరీక్ష చేయండి. వేడి హద్దులో ఉండి, శబ్దం మిమ్మల్ని ఇబ్బంది పెట్టకపోతే ఆ డబ్బు ర్యామ్‌కో ఎస్ఎస్‌డీకో పెట్టుకోండి.

ఇంటెల్‌లో పేరు చివర "కే" ఉన్నవాటితోనూ, రైజెన్‌లో 7600ఎక్స్, 7800ఎక్స్3డీ లాంటి వాటితోనూ కూలర్ రాదు. ట్రే ప్రాసెసర్ అని డబ్బా లేకుండా అమ్మేవాటితో కూడా మామూలుగా రాదు. ధర తక్కువుందని ట్రే ముక్క తీసుకుంటే కూలర్ ఖర్చు కలుపుకుని లెక్కేయండి.

2. అసలు వాట్లు కనుక్కోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డబ్బా మీద 65 వాట్లు అని రాసి ఉంటే ప్రాసెసర్ ఎప్పుడూ 65 దాటదనుకుంటారు. నిజానికి దాటుతుంది.

ఇంటెల్ రెండు అంకెలు ఇస్తుంది. ఐ5-12400కి బేస్ (మామూలు వేగంలో) 65 వాట్లు, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 117. ఐ5-13400కి 65, 148. ఐ5-14600కేకి 125, 181. ఐ9-14900కేకి 125, 253. కూలర్ కోసం చూడాల్సింది రెండో అంకె. దాన్ని ఇంటెల్ సైట్‌లో మోడల్ పేరు కొడితే చూడొచ్చు.

ఏఎండీ రైజెన్ 7000 వరుసకి తేలిక లెక్క ఉంది. టీడీపీని (ఏఎండీ పేర్కొనే వాట్ల అంకెని) 1.35తో హెచ్చించండి. 65 అయితే 88, 105 అయితే 142, 120 అయితే 162, 170 అయితే 230. సాకెట్ గుండా ప్రాసెసర్ లాగగలిగే గరిష్ఠ కరెంటు ఖర్చు అది.

ఆ అంకెని బట్టి నేను చెప్పేది ఇదీ:

- 90 వాట్ల లోపు: స్టాక్ కూలర్, లేదా చిన్న టవర్ (నిలువుగా నిలబడే రేకుల దొంతర, పక్కన ఫ్యాన్).
- 90 నుంచి 150: ఒక టవర్, ఒక 120 మి.మీ. ఫ్యాన్. డీప్‌కూల్ ఏకే400, థర్మల్‌రైట్ అసాసిన్ ఎక్స్ 120 ఈ కోవలోవి.
- 150 నుంచి 200: రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ, ఫాంటమ్ స్పిరిట్ 120 ఎస్ఈ, డీప్‌కూల్ ఏకే620.
- 200 పైన: నాక్టువా ఎన్‌హెచ్-డీ15 లాంటి పెద్దది తీసుకుని, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) పవర్ కాస్త తగ్గించండి. పగలంతా వీడియో రెండరింగే మీ పనైతే 360 మి.మీ. లిక్విడ్ కూలర్ ఆలోచించొచ్చు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. 7800ఎక్స్3డీ అంకె 162 అయినా గేముల్లో అది అందులో సగం కూడా వాడని సందర్భాలే ఎక్కువ. గేములకే కొంటుంటే మంచి సింగిల్ టవర్ చాలు.

కూలర్ డబ్బా మీద "220 వాట్లు", "260 వాట్లు" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ అంకెతో పోలిక పెట్టకండి. ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. టవర్లు ఎన్ని, హీట్ పైపులు (వేడిని రేకులకి చేర్చే గొట్టాలు) ఎన్ని, ఫ్యాన్లు ఎన్ని, ఇవి చూడండి. సింగిల్ టవర్‌కి నాలుగు, డబుల్ టవర్‌కి ఆరు పైపులు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు.

3. గది వేడిని కలపండి

రివ్యూల్లో కనిపించే ఉష్ణోగ్రతలు దాదాపు 20–25 డిగ్రీల గదిలో కొలిచినవి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గది అలా ఉండదు కదా. ఫ్యాన్, రేకులు చేసేది గది గాలిని తోలి వేడిని లాగడమే. కాబట్టి గది ఎంత పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో 72 చూపించిన కూలర్ మీ 40 డిగ్రీల గదిలో 90 చూపిస్తుంది. తేడా రెండు చోట్లా అదే 50.

ఖమ్మంలో మా బాబాయి కొడుకు పై అంతస్తులో, నేరుగా డాబా కింద గదిలో కంప్యూటర్ పెట్టుకున్నాడు. డిసెంబరులో కొన్నప్పుడు 68 దాటలేదు. మే రెండో వారం ఫోన్ చేసి "కూలర్ పాడైంది అన్నా, 88 కొడుతోంది" అన్నాడు. గోడ మీద థర్మామీటర్ చూసి చెప్పమన్నాను. 41 ఉంది. డిసెంబరులో ఆ గది ఎంతుండేదని అడిగితే 22, 23 ఉండేదన్నాడు. లెక్క సరిగ్గా కుదిరింది, కూలర్‌కి ఏమీ కాలేదు. మార్చాల్సింది కంప్యూటర్ చోటు. ఉత్తరం వైపు గదిలోకి మార్చుకున్నాడు, అయిదారు డిగ్రీలు దిగింది.

రెంటచింతల, రామగుండం, ఖమ్మం వైపు ఉంటూ గదిలో ఏసీ లేకపోతే పైన చెప్పిన పట్టీలో ఒక మెట్టు పైది తీసుకోండి. 120 వాట్ల ప్రాసెసర్ అయినా డబుల్ టవర్ వేయండి. ఏసీ గది అయితే ఆ అవసరం లేదు.

లిక్విడ్ కూలర్ వేస్తే ఎండ నుంచి తప్పించుకోవచ్చనే భ్రమ వద్దు. అది కూడా గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు.

జాగ్రత్త: గదిలో నీళ్ల కూలర్ వాడుతుంటే దాని గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా పెట్టకండి. ఆ తేమ, తుంపర్లు మదర్‌బోర్డుకి మంచివి కావు.

4. సాకెట్ కలుస్తుందో లేదో చూడండి

ఇంటెల్ ఎల్‌జీఏ1200కి, అంతకు ముందున్న 115ఎక్స్ సాకెట్లకి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ. 2021లో వచ్చిన ఎల్‌జీఏ1700కి 78 మి.మీ. ఆ మూడు మిల్లీమీటర్ల వల్లే పాత కూలర్ కొత్త బోర్డుకి నేరుగా ఎక్కదు, ఆ సాకెట్‌కి బిగించే కిట్ కావాలి. ఎల్‌జీఏ1851కి 1700 కొలతే.

ఏఎండీ ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కి సరిపోతాయి. అయితే ఏఎం5 బోర్డు వెనక ప్లేటు సాకెట్‌తో కలిసే ఉంటుంది, ఊడదు. తన సొంత వెనక ప్లేటు పెట్టుకునే పాత కూలర్ అయితే దానికి పనికిరాదు. బోర్డు మీద ముందువైపు వచ్చే నల్ల ప్లాస్టిక్ క్లిప్పులు, వాటి నాలుగు స్క్రూలు మాత్రం భద్రంగా దాచండి. కొన్ని కూలర్లకి అవి కావాలి.

సెకండ్ హ్యాండ్ కొంటే కూలర్ కంటే ముందు స్క్రూల కవరు అడగండి. ఒక్క బోల్టు తగ్గినా మళ్లీ దొరకడం కష్టం. నాక్టువా మాత్రం కొన్న రసీదు చూపిస్తే కొత్త సాకెట్ కిట్ ఉచితంగా పంపుతుంది.

5. ఎత్తు కొలవండి

ఇది దాటేసి కొనకండి. క్యాబినెట్ కంపెనీ పేజీలో "సీపీయూ కూలర్ ఎత్తు" అని ఒక అంకె ఉంటుంది. కూలర్ పేజీలోనూ ఎత్తు ఉంటుంది. కూలర్ ఎత్తు కనీసం 3 మి.మీ. తక్కువ ఉండాలి.

మోడల్ తెలియకపోతే ఇలా చేయండి. పక్క ప్యానెల్ తీసి, స్కేలు మొనని ప్రాసెసర్ పక్కన మదర్‌బోర్డు ఖాళీ చోట సుతారంగా ఆనించండి. క్యాబినెట్ అంచు దాకా కొలవండి. అందులోంచి 8 మి.మీ. తీసేయండి. ప్రాసెసర్ పైభాగం బోర్డు కంటే సుమారు అంత ఎత్తులో ఉంటుంది. 170 వచ్చిందనుకోండి, మీకున్నది 162. అందులో 3 పోతే 159 లోపు కూలర్ చూసుకోవాలి. గ్లాస్ ప్యానెల్ లోపలికి దిగేలా ఉంటే దాని మందం కూడా తీసేయండి.

అందరూ అడిగేవాటి ఎత్తులు: ఏకే400, పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ రెండూ 155 మి.మీ. ఏకే620 160. ఎన్‌హెచ్-డీ15 165. ఆఫీసుల్లో వాడే సన్న క్యాబినెట్ అయితే టవర్ ఆలోచనే వద్దు, పైనుంచి కిందికి ఊదే పొట్టివి చూడండి. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 ఎత్తు 47 మి.మీ. వీటితో 65 వాట్ల ప్రాసెసర్ దాటి వెళ్లకండి.

ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఒకప్పుడు షాపులో "ఏ క్యాబినెట్‌కైనా పడుతుంది" అంటే నమ్మి తెచ్చాను. అంతా బిగించాక గ్లాస్ పెడితే హీట్ పైపుల కొనలు గ్లాస్‌కి తగులుతున్నాయి. ఆపైన స్క్రూలు తిప్పుతుంటే కిర్రుమంది. ఆరు నెలలు ప్యానెల్ లేకుండానే వాడాను. రేకుల మధ్య దుమ్ము నూనె జిడ్డులా పట్టేసింది, వేడి పెరిగింది. అదంతా నాలుగు మిల్లీమీటర్ల కోసం.

6. ర్యామ్‌కి తగులుతుందేమో చూడండి

కోర్సెయిర్ వెంజియన్స్ ఎల్‌పీఎక్స్ లాంటి మామూలు ర్యామ్ 34 మి.మీ. ఉంటుంది. లైట్లు వెలిగే ర్యామ్ 44, కొన్నయితే ఇంకా ఎక్కువ ఉంటాయి. డబుల్ టవర్ ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది. తగిలితే ఫ్యాన్‌ని పైకి జరపొచ్చు. అప్పుడు మొత్తం ఎత్తు అంత మేర పెరుగుతుంది, అంటే 5వ అడుగు లెక్క మళ్లీ వేయాలి. ర్యామ్ ఇంకా కొనకపోతే పొట్టిదే కొనండి, గొడవ ఉండదు.

7. కొనేటప్పుడు

సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో మీ ఊరి షాపులోనో కొంటే, డబ్బా విప్పించి సాకెట్ కిట్ ఉందో లేదో అక్కడే చూడండి. ఫ్యాన్ వైరుకి నాలుగు పిన్నులుండాలి, మూడు కాదు. నాలుగు పిన్నులుంటేనే వేగం సరిగ్గా అదుపులో ఉంటుంది. ఫ్యాన్ మామూలు 120 మి.మీ. చదరం అయ్యుండి, తీగ క్లిప్పులతో ఊడేలా ఉంటే మూడేళ్ల తర్వాత ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు. విచిత్రమైన ఆకారంలో అతుక్కుని ఉండే ఫ్యాన్ పాడైతే కూలర్ మొత్తం పోయినట్టే.

లైట్లకి ఎక్కువ పెట్టకండి. చల్లదనం రూపాయంత కూడా పెరగదు.

8. బిగించేటప్పుడు జరిగే తప్పులు

పాత కూలర్ తీయడం దగ్గరే మొదటి ప్రమాదం. ఏఎం4లో ప్రాసెసర్ కింద పిన్నులుంటాయి. గట్టిపడిన పేస్ట్ వల్ల కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ దానితో పాటే ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు కంప్యూటర్ వాడి వేడెక్కనివ్వండి. ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్ లాక్ విప్పి, అటూ ఇటూ మెల్లగా తిప్పాకే ఎత్తండి.

కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది తీయకుండా బిగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెలుతురులో వాలుగా పట్టుకుని, గోటితో అంచు గీకి చూడండి.

పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత చాలు. పెద్ద ప్రాసెసర్ అయితే ఇంటూ గుర్తులా సన్నగా గీయండి. నాలుగు స్క్రూలున్న కూలర్ అయితే ఒక్కదాన్నే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని రెండేసి చుట్లు తిప్పుతూ పోండి. ఇంటెల్ స్టాక్ కూలర్ పిన్నులు నాలుగూ "టక్" మనాలి. తర్వాత బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు తెల్ల కొనలూ సమానంగా బయటికి రావాలి.

ఫ్యాన్ గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక్కి పోవాలి. ఫ్యాన్‌కి అడ్డకర్రల్లాంటి ప్లాస్టిక్ చువ్వలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఆ వైపు వెనక్కి ఉండాలి. వైరు "సీపీయూ ఫ్యాన్" అని రాసిన పిన్నులకే పెట్టండి, లేకపోతే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది.

సరిగ్గా పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది

ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23 అనే సాఫ్ట్‌వేర్‌లు కావాలి, రెండూ ఉచితం. గది ఉష్ణోగ్రత రాసుకోండి. సినీబెంచ్ మల్టీ కోర్ పది నిమిషాలు నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వాట్లు, వేగం, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) గడిలో "అవును" వచ్చిందా "కాదు" ఉందా, ఈ నాలుగూ చూడండి.

- మొదలైన కొన్ని సెకన్లలోనే 95–100కి ఎగబాకితే బిగింపులో తప్పుంది. ప్లాస్టిక్ పొర, వదులు స్క్రూ, తిరగని ఫ్యాన్, ఈ మూడూ చూడండి.
- నిదానంగా ఏడెనిమిది నిమిషాల్లో పెరుగుతూ పోతే కూలర్‌ని అనుమానించకండి. పక్క ప్యానెల్ తీసి మళ్లీ నడపండి. అయిదు డిగ్రీల కంటే ఎక్కువ తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. ముందొకటి, వెనకొకటి ఫ్యాన్ పెట్టండి.
- 80ల్లో నిలబడి, థ్రాట్లింగ్ లేకపోతే మన ఎండాకాలానికి అది మంచి ఫలితం. టెన్షన్ పడకండి.
- 7600ఎక్స్, 7950ఎక్స్ లాంటివి పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే ఏఎండీ తయారుచేసింది. వాటిలో వేడి కాదు, వేగం ఎంత నిలబడుతోందో చూడండి. 7800ఎక్స్3డీ హద్దు మాత్రం 89.

ఇంకా ఎక్కువనిపిస్తే కొత్త కూలర్ కొనేముందు బయోస్‌లోకి వెళ్లండి. ఏఎండీలో ఎకో మోడ్ 65 వాట్లు పెట్టండి. ఇంటెల్‌లో పవర్ లిమిట్‌ని 253 నుంచి 180కో 150కో దించండి. గేముల్లో తేడా చాలామందికి తెలియదు, వేడి మాత్రం కళ్లకు కనిపించేలా తగ్గుతుంది.

హైదరాబాద్ నుంచి ఊరికి బస్సులో కంప్యూటర్ వేసేవాళ్లు పెద్ద కూలర్‌ని ఊడదీసి విడిగా ప్యాక్ చేయండి. ఎన్‌హెచ్-డీ15 ఫ్యాన్లతో 1,320 గ్రాములు. గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా నిలువుగా ఉన్న బోర్డుకి వేలాడుతుంది.

పరీక్ష అయ్యాక తేదీ, గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. వచ్చే ఏప్రిల్‌లో ఇదే పరీక్ష మళ్లీ చేసి, గదికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా అప్పుడెంత, ఇప్పుడెంత చూడండి. ఎనిమిది పది డిగ్రీలు పెరిగితే ముందు బ్రష్‌తో రేకుల దుమ్ము దులపండి, ఆ సమయంలో ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. దుమ్ము పోయినా తేడా అలాగే ఉంటే అప్పుడు పేస్ట్ మార్చండి.